చెరువు రాక్షసి గొంతు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న అరవై తొమ్మిదిలో, చిక్కడపల్లిలో మా పక్క వాటాలో ఉండే టీచరమ్మకు రేడియో నాటకంలో వేషం దొరికింది. పల్లెటూరి చెరువులో తరతరాలుగా ఉందని చెప్పుకునే రాక్షసి, నిజానికి వేరే గ్రహం నుంచి వచ్చిన జీవి అని ఒక మహిళా శాస్త్రవేత్త కనిపెట్టే కథ. ఆ శాస్త్రవేత్త మాటలన్నీ ఆమె నెల రోజులు వల్లించింది. రికార్డింగ్ నుంచి వచ్చాక మాత్రం ఏమీ చెప్పలేదు.

ప్రసారం రోజు సాయంత్రం వాళ్ల నాన్న రేడియోను వాకిట్లో పెట్టి, వాటాలవాళ్లందరినీ పిలిచి చాయ్ పోయించారు. నాటకం మొదలైంది. శాస్త్రవేత్త అచ్చం మా బెజవాడ వైపు తెలుగులో మాట్లాడుతోంది.

"గిది నీ గొంతు కాదు గద బిడ్డా?"

"నా మాట పనికిరాదన్నరు నాయినా. సైంటిస్టు గిట్ల మాట్లాడదంట."

"మరి నువ్వేడున్నవ్?"

అప్పుడే చెరువులోంచి రాక్షసి అరిచింది. మా చిన్నది ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

"గదే నేను," అందామె.

పెద్దాయన రేడియో కట్టెయ్యడానికి లేచారు.

"ఉండనియ్యి నాయినా. సచ్చేటప్పుడు ఇంకోసారి అరుస్త."