మూడు నీళ్ళు

మద్రాసు పురసవాక్కంలో వీరరాఘవులు ఫోటో స్టూడియో. దాని చీకటిగదిలో పంకజం ఇరవై రెండేళ్ళుగా ఫిల్ములు కడుగుతోంది. చదువు రెండో తరగతి. డబ్బాల మీది ఇంగ్లీషు రాదు గానీ, ఫిల్ము మీద బొమ్మ తేల్చే డెవలపరు పస తగ్గిందో లేదో వేళ్ళ మధ్య జారుడును బట్టి చెప్పేది. డెవలపరు వంపేశాక బియ్యం కడిగినట్టు మూడు నీళ్ళు పోసి తిప్పి, ఆ తరవాతే బొమ్మ చెదరకుండా నిలిపే హైపోలో వేసేది.

తొంభైమూడు ఎండాకాలంలో వీరరాఘవులు మేనల్లుడు యువరాజ్ ఏదో కోర్సు చదివి వచ్చాడు.

"నీళ్ళేంది పెద్దమ్మా? ఆసిడ్ స్టాప్‌బాత్ పోస్తే డెవలపరు టక్కున ఆగతాది. లారీ నీళ్ళకు బిందెలతో నిలబడే ఊళ్ళో ఇంత దండగా?"

"మూడు చెంబులు నాయనా. కడాపటిదాంతో గది తుడస్తా. నీ పులుసునీళ్ళతో ఏం తుడస్తావు?"

వీరరాఘవులు పందెం పెట్టాడు. తన మొహాన్నే రీలు నిండా తీయించి, చీకట్లో సగానికి కోయించాడు. ఎవరి సగం బాగుంటే చీకటిగది వారిది. రెండోవారికి ఇంటిదారి.

ఆమె తన సగాన్ని ఎప్పటిలాగే కడిగింది. యువరాజ్ ఆసిడ్ కలిపితే ఘాటు వీధిగుమ్మం దాకా కొట్టింది.

"ఎంత పోసినావు?" అంది పంకజం.

"అదంతా నీకు తెలీదులే పెద్దమ్మా."

సాయంత్రం ప్రింట్లు ఆరాయి. పంకజం సగంలో వీరరాఘవులు నామంతో సహా నున్నగా ఉన్నాడు. యువరాజ్ సగంలో మొహం నిండా నల్లచుక్కలు, అమ్మవారు పోసినట్టు. ఘాటుకు ఫిల్ము మీది పూత పొంగి, సూదిబెజ్జాలు పడ్డాయి.

"ఆసిడ్ కొంచెం ఎక్కువైపోయింది మామా. తగ్గిస్తే సరిపోతాది."

"సరిపోతాది," అంది పంకజం. "అందుకే అడిగితి గదా, ఎంత పోసినావని."

వీరరాఘవులు గొంతు సవరించుకున్నాడు. "పోనీలే పంకజం, ఇద్దురూ కలిసి చేసుకోండి."

"పందెం పెట్టింది మీరు. తీర్పు మీ మొగానే ఉండాది. గది నాది. పిల్లోణ్ణి ఇంటికి పంపొద్దులే. నేర్చుకోవాలంటే పొద్దున్నే రమ్మనండి, బియ్యం కడిగేకాడ్నించి నేర్పిస్తా."

మర్నాడు యువరాజ్ వచ్చాడు. పంకజం అతని చేతికి చెంబిచ్చి, చీకటిగది తలుపుకు లోపలినుంచి గడియ పెట్టింది.