మఠం పుస్తకంలో నేను రాయించిన పేరు

కువైట్‌లో దజీజ్ గోదాముల్లో పనిచేసే మా మేనల్లుడు మొన్న ఫోన్లో మాటల మధ్య, ఆ పాత బెనెడిక్ట్ కన్యాస్త్రీల మఠం పడగొట్టి కార్లు నిలుపుకునే చోటు చేశారని చెప్పాడు. నాతోపాటు అక్కడ పనిచేసి వచ్చినవాళ్లకు ఇరాక్ సైన్యం దిగిన ఆ ఆగస్టు ఎండలు గుర్తుండే ఉంటాయి.

నేనప్పుడు రుమైథియాలో ఒక కువైటీ సైనికాధికారి ఇంట్లో డ్రైవర్ని. కడప జిల్లాలో మా తాత ఎదురుపడితే బండ్లు పక్కకు తొలిగేవి. కాలం ఆయన మనవణ్ణి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది. అధికారి ఎటో తప్పుకోగా, పనివాళ్లమందరం అక్కడి వాడుకలో అమ్మ అన్నట్టు మామా అని పిలిచే ఆయన భార్యను, ఇద్దరు ఆడపిల్లలను తలదాచుకోవడానికి ఆ మఠానికి చేర్చాను. వచ్చినవాళ్ల చేతులమీద నీళ్లు పోసి, పేరు పెద్ద పుస్తకంలో రాసుకోవడం అక్కడి ఆచారం. తొలి ఇటుక పెట్టిన రోజు నుంచి ఎవరొచ్చారు, ఎవరు పోయారు, బావిలో నీళ్లెప్పుడు పడ్డాయి, మఠం చరిత్రంతా అందులోనే ఉండేది. రాసే ముసలి సిస్టర్ కోనసీమ మనిషి. ఉత్త పేరు చాలండీ అన్నారు. అంత గొప్పింటి ఇల్లాలిని దిక్కులేనిదానిలా రాయడమా అని రోషమొచ్చి, వంశం పేరు, భర్త హోదా పొల్లుపోకుండా రాయించాను. తెలుగు రాని మామా పక్కనే నిలబడి మర్యాదగా తలూపింది.

మూడోనాడు ఇరాక్ సైనికులు ఆ వంశం పేరే అడుగుతూ, ఇల్లిల్లూ, కాగితం కాగితం వెతుకుతూ మఠం వీధికొచ్చారు. ఒక్క కాగితం చింపుదామంటే పేజీలకు అంకెలున్నాయి, చింపినట్టు తెలిసిపోతుంది. సిస్టర్ పుస్తకమంతా చింపి వంటింటి పొయ్యిలో పెట్టేశారు. నేను కొయ్యలా నిలబడితే, "అలా చూత్తన్నారేంటండీ బాబూ, అట్ట మందంగా ఉంది, ముక్కలు చేసివ్వండి" అని కసిరారు. చేసిచ్చాను. సైనికులొచ్చేసరికి పిల్లలు ప్రార్థన గదిలో మోకాళ్లమీద ఉన్నారు, మామా ఏప్రన్ కట్టుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఆమెను పనిమనిషి అనుకుని వెళ్లిపోయారు.

తర్వాతి వారం మామా, పిల్లలు ఎడారి దారిన సౌదీ చేరారు. నేను ఇండియా విమానం కోసం అమ్మాన్ వెళ్లే బస్సెక్కేనాడు సిస్టర్ దారికి రొట్టెలు కట్టిచ్చారు. తప్పు నాదేనమ్మా అనడానికి మెడ వంగలేదు. రొట్టెల మూట పుచ్చుకుని బస్సెక్కేశాను.

ఇప్పుడందామంటే ఆవిడ లేరు. మా ఇంటిపేరు చెబితే గుర్తుపట్టే తరమూ పోయింది. ఏ ఆఫీసుకెళ్లినా ఫోన్ నంబరు చాలంటారు. ఎప్పుడైనా ఎవరో పెద్దాయన మీరెవరింటివారని అడిగితే, ముందు పక్కన ఎవరున్నారో చూసుకుని, నా ఒక్కడి పేరే చెబుతున్నాను.