తొమ్మిదోసారి

గుండె వార్డులో పెద్ద సిస్టర్ డ్యూటీకి రాగానే చేసే మొదటి పని, పన్నెండుమంది రోగుల ఛాతీలూ పొడిగుడ్డతో తుడిచి, మానిటర్ వైర్లు తగిలించే స్టిక్కర్లు కొత్తవి అంటించడం. చెమటకి స్టిక్కర్ ఊడితే మానిటర్ ఊరికే మోగుతుంది. "రోజూ అందరికీ మార్చాలా అక్కా?" అని కొత్త నర్సు విసుక్కుంటే, "ఊరికే మోగేది ఆగితేనే, నిజంగా మోగేది వినపడుతుందమ్మా" అంటుంది. ఇంట్లో మాత్రం కుక్కర్ ఎన్ని కూతలు వేసినా ఆమె చెవిన పడదు. కూతురే పరిగెత్తుకొచ్చి స్టవ్ ఆపాలి.

ఈ అలవాటు ఇంకా లేని కిందటి వేసవిలో, ఓ రోజు ఏడో మంచం మానిటర్ పొద్దుట్నుంచీ మోగుతూనే ఉంది. ఎనిమిదిసార్లు వెళ్లి చూసింది. ఎనిమిదిసార్లూ ఊడిన స్టిక్కరే. తొమ్మిదోసారి, పక్కమంచం రోగికి ఇంజెక్షన్ ఇస్తూ, తల తిప్పకుండానే చెయ్యి చాచి మోత ఆపే మీట నొక్కింది. ఆసారి స్టిక్కర్ ఊడలేదు, గుండె ఆగింది. రెండు నిమిషాలకి అది మళ్లీ మోగితే, ఆమె తిరిగి చూసేసరికి అంతా అయిపోయింది. సాయంత్రం ఆ ఏడో మంచం ఆయన భార్య వెతుక్కుంటూ వచ్చింది. "తలుపు అద్దంలోంచి చూస్తూనే ఉన్నా తల్లీ. మోగిన ప్రతిసారీ చెయ్యి వేశావు. కన్నకూతురైనా ఇంతలా చూడదు" అంటూ, మీట నొక్కిన ఆ చేతినే కళ్లకద్దుకుంది.