ఎండ మరక పోయేదాక

త్రిపురారంల నాట్లు అయిపోయిన రెండో రోజే మిర్యాలగూడ చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయిన. నాకు గదవ కింద నల్లటి వెంట్రుకలు మొలుస్తయి. "నాకంటే దీనికే గడ్డం ఎక్కువ" అని మా ఆయన పదిమందిల నవ్వేటోడు. తాగినప్పుడు వాటినే పట్టి గుంజేటోడు. లేజర్‌తోటి వాటిని తీయించుకుందామని పోయిన.

డాక్టరమ్మ ఎండకు కమిలిన నా చెంపను, కొంగు కింద దాగిన మెడను పక్కపక్కన సూసింది.

"ఇయ్యాల చెయ్యనమ్మా. కమిలిన చర్మం మీద లేజర్ కొడితే కాలుతది, మచ్చలు పడతయి. నెల రోజులు ఎండకు పోవద్దు. బయటికెళ్తే సన్‌స్క్రీన్ రాసుకో, కొంగు కప్పుకో. బ్లీచ్ వద్దు. వెంట్రుకలు పీకొద్దు, దారంతో తీయించొద్దు. లేజర్‌కు ముందురోజు రేజరుతో గీసుకుంటే చాలు."

ఇంటికొచ్చి, "నెల దాక పొలానికి రాను" అన్న.

"దొరసానివైతవా?" అని మా ఆయన సన్‌స్క్రీన్ ట్యూబు గుంజుకొని గోడకేసి కొట్టిండు. జుట్టు పట్టి నా తలను దర్వాజకు గుద్దిండు. గదవ వెంట్రుకలను గోళ్లతోటి పట్టి పీకిండు. తోలు లేచి రక్తం కారింది. అయినా ఆపలే. ఆయన బొటనవేలు నా నోటి కాడికొచ్చింది. కొరికిన. పన్ను ఎముకకు తగిలేదాక కొరికిన. కడుపుల తన్నినా వదలలే. మా అత్త ఉరికొచ్చి ఇద్దరినీ విడదీసింది. "పో బిడ్డా, ముందు బస్సెక్కు, సంపుతడు వీడు" అన్నది.

కోదాడల మా అక్క ఇంటికి పోయిన. మూడో రోజు ఆయన వేలికి కట్టుతోటి వచ్చి గేటు తన్నిండు. అక్క రోకలి పట్టుకొని నిలబడ్డది.

"గేటు దాటావంటే కాళ్లు విరగ్గొడతా. పోలీసులకి ఫోన్ చేశా."

ఆయన రాయి విసిరితే కిటికీ అద్దం పగిలింది. జీపు రాంగనే ఉరికిండు.

నెలకు డాక్టరమ్మ దగ్గరికి పోతే గదవ సూసి నిట్టూర్చింది. "ఎండ మరక పోయింది గానీ ఈ గాయం పూర్తిగా మానాలె. పీకిన వెంట్రుకలు మల్ల రావాలె. ఇంకో నెల ఆగుదాం." ఎవరు చేసిన్రని అడిగితే చెప్పిన. దెబ్బలన్నీ కాగితం మీద రాసిచ్చింది, కేసుకు పనికొస్తదని.

తర్వాతి నెల ముందుగాల చెవి కింద చిన్న జాగల లేజర్ కొట్టి సూసింది. బొబ్బ రాలే. వారానికి గదవ మీద చేసింది. రబ్బరు బ్యాండుతోటి కొట్టినట్టు చురుక్కుమన్నది.

"నొప్పయితే చెప్పు, ఆపుత" అన్నది.

ఆ మాటకు, లేజర్ వెలుగు తగలకుండ కండ్లకు పెట్టిన నల్లద్దాల కింద ఏడుపొచ్చింది.

ఇప్పుడు సూర్యాపేటల కిరాయి రూముల ఉంటున్న. బట్టల దుకాణంల పని. కేసు నడుస్తున్నది.