లేచి నిలబడి జవాబు చెప్పే పిల్ల

టీవీలో పిల్లల క్విజ్ మొదలైతే మా ఇంట్లో ఎవరినీ చూడనివ్వను. రిమోట్ లాక్కుని ఛానల్ మార్చేస్తాను. "పిల్లలు నాలుగు మంచి ముక్కలు నేర్చుకునే కార్యక్రమం, దాని మీద నీకెందుకే అంత కచ్చ?" అని మా అత్తగారు అడిగారు ఒకసారి. ఆవిడకు చెప్పలేదు. చెబితే మనసు తేలికపడుతుంది అంటారు, నాకు తేలికపడాలని లేదు.

సికింద్రాబాద్‌లో ఒక మామూలు ప్రైవేటు బడిలో ఇరవై ఏళ్లకు పైగా సోషల్ చెబుతున్నాను. నా క్లాసులో ఒక పద్ధతి ఉండేది. జవాబు తెలిసినా కూర్చున్నచోటి నుంచి అరవకూడదు. లేచి నిలబడాలి, చేతులు కట్టుకోవాలి, నేను తలూపాక చెప్పాలి. మా చిన్నప్పుడు మాకు నేర్పింది అదే, నేను పిల్లలకు నేర్పిందీ అదే. కూర్చుని అరిచినవాడికి ఆ పూట నా చేతిలో మూడినట్టే.

మూడేళ్ల కిందట ఒక ఛానల్ వాళ్లు బడుల మధ్య క్విజ్ పెడుతున్నామని, ఒక్కో బడి నుంచి ఇద్దరిని పంపమని అడిగారు. ఎంపిక పని నాకు అప్పగించారు. నోటీసు బోర్డు మీద నా చేత్తోనే రాసి పెట్టాను: రాతపరీక్షలో మొదటి ఇద్దరు వెళ్తారు, సిఫార్సులు చెల్లవు. ఆ రెండో ముక్క ఎర్ర సిరాతో రాశాను. అంత పొగరుగా ఉండేదాన్ని.

పరీక్షలో మొదటి స్థానం తొమ్మిదో తరగతి అమ్మాయిది. వాళ్ల నాన్న బేగంపేటలో ఒక ఆఫీసు భవనంలో లిఫ్ట్ నడుపుతాడు. అక్కడ రిసెప్షన్ బల్ల మీద పాతబడిపోయిన పేపర్లు, పత్రికలు సంచిలో వేసుకుని సీతాఫల్‌మండిలో ఇంటికి తెస్తాడు. ఆ పిల్ల వాటిని అట్ట నుంచి అట్ట దాకా చదివేస్తుంది. నోరు విప్పితే జవాబు తప్పు పోయేది కాదు. కాకపోతే విప్పేముందు లేవాలి, స్కర్టు సర్దుకోవాలి, చేతులు కట్టుకోవాలి, నా మొహం చూడాలి. ఆరో తరగతి నుంచి నేను చెక్కిన పిల్ల. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరొచ్చినా నేను ముందు లేపేది ఆ అమ్మాయినే.

రెండో స్థానం అదే తరగతి కుర్రాడిది. తెలివైనవాడే కానీ ఒక్కచోట నిలవడు. ప్రశ్న పూర్తికాకముందే కూర్చున్నచోటి నుంచి అరుస్తాడు, రోజూ నాచేత చీవాట్లు తింటాడు. మూడో స్థానంలో, మార్కుల్లో వీళ్లిద్దరికీ చాలా దూరంగా, ఇంకో అమ్మాయి ఉంది. వాళ్ల నాన్న పేరెంట్స్ కమిటీలో పెద్దమనిషి. రెజిమెంటల్ బజార్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది ఆయనకు.

ఫలితాలు అతికించిన రోజు సాయంత్రం మొదటి స్థానం వచ్చిన పిల్ల స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది.

"టీచర్, టీవీల ఏ రోజు వస్తదో ముందుగాల్నే చెప్తరా? మా నాన్న లిఫ్టుల ఎక్కినోళ్లందరికీ చెప్పిండు. ఆఫీసోళ్లు సుత చూస్తమన్నరంట."

"చెప్తాలే, వెళ్లు" అన్నాను. ఆ పిల్ల మెట్లు దిగుతూ రెండేసి మెట్లు దూకడం చూసి నవ్వుకున్నాను కూడా.

మర్నాడు మా కరస్పాండెంట్, అంటే బడి నడిపే ఆయన, నన్ను గదికి పిలిపించాడు.

"మేడమ్, రాతపరీక్ష ఓకే. కానీ టీవీల ఎవడన్న పేపర్ రాస్తడా? అక్కడంత బజర్ రౌండే. గా ముగ్గుర్ని కూసోబెట్టి జెర బజర్ టెస్ట్ పెట్టుండ్రి."

"నోటీసు పెట్టేశాం కదండీ."

"నోటీసుదేముంది, ఇంకోటి పెడితే అయిపాయె. మన కమిటీ సార్ బజర్ మిషన్ సుత ఫ్రీగ ఇస్తున్నడు. మీరే అడుగుండ్రి, మీరే మార్కులెయ్యిండ్రి. ఇందుల అన్యాయమేముంది, చెప్పుండ్రి?"

మాట న్యాయంగానే తోచింది. పైగా ఏ పరీక్ష పెట్టినా మా పిల్లే నెగ్గుతుందన్న ధీమా ఒకటి ఏడ్చింది నాకు. సరేనన్నాను. నా చేత్తోనే పాత నోటీసు పీకి కొత్తది అతికించాను. ఈసారి ఎర్ర సిరా వాడలేదు.

సైన్స్ ల్యాబ్‌లో పెట్టాం. మూడు ఎర్ర బటన్లు, మూడు లైట్లు. ఎవరు ముందు నొక్కితే వాళ్ల లైటు వెలుగుతుంది, మిగతా ఇద్దరివీ పనిచేయవు. కరస్పాండెంట్, దుకాణం ఆయన నా పక్కన కుర్చీల్లో టీ తాగుతూ కూర్చున్నారు.

మొదటి ప్రశ్న చదివాను. మా పిల్ల చటుక్కున లేచింది. స్కర్టు సర్దుకుంది. చేతులు కట్టుకుని నా వైపు చూసింది. ఈలోపు పక్కనున్న అమ్మాయి లైటు వెలిగింది. రెండో ప్రశ్నకూ అదే. లేచి, చేతులు కట్టుకుని, అప్పుడు గుర్తొచ్చి కట్టుకున్న చేతులు విప్పి బటన్ మీదికి వంగింది. కుర్రాడి లైటు వెలిగింది. వాడు కూర్చునే అరిచాడు. ఏళ్ల తరబడి నేను తిట్టిన ఆ అలవాటే వాడిని గట్టెక్కించింది.

మూడో ప్రశ్నకల్లా నాకు అర్థమైపోయింది. "కూర్చో తల్లీ, ముందు నొక్కు, తర్వాత చెబుదువుగాని" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఒకరికే సాయం చేశానంటారు, నిబంధన అందరికీ ఒక్కటే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అదంతా బుకాయింపు. పక్కన కూర్చున్న ఇద్దరు మగవాళ్లు ఏమనుకుంటారోనని భయపడ్డాను. అలాగే పది ప్రశ్నలూ అడిగాను. ప్రతి జవాబుకీ ఆ పిల్ల పెదాలు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది. దక్కింది ఒక్కటే, అది మిగతా ఇద్దరికీ తెలియనిది. మార్కులు వేసి, ఆ కుర్రాడి పేరూ దుకాణం ఆయన కూతురి పేరూ రాసి కింద సంతకం పెట్టాను.

బయటికి వస్తుంటే, వరండాలో కూతురి కోసం ఎదురుచూస్తున్న దుకాణం ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని మురిసిపోయింది. "నెల రోజుల సంది ఇంట్ల గిదే ప్రాక్టీస్ మేడమ్. అన్నం తినుకుంట సుత బజరే. మా ఇంట్లకెళ్లి ఆ మిషన్ పోతే గాని నాకు నిద్ర పట్టేటట్టు లేదు!"

నెల రోజులు! నా రాతపరీక్ష అయి వారం కూడా కాలేదు. ఆ చెయ్యి విదిలించుకుని నేరుగా కరస్పాండెంట్ గదిలోకి వెళ్లాను. తలుపు కూడా తట్టలేదు.

"బజర్ టెస్ట్ ఉంటుందని వాళ్లకు నెల ముందే చెప్పారు. నాకెందుకు చెప్పలేదు?"

"అరే, ఎందుకు పరేషాన్ అయితరు మేడమ్? పోనీ, చెప్పిన అనుకోండ్రి. టెస్ట్ పెట్టింది ఎవరు? మీరు. మార్కులేసింది మీరు. సైన్ చేసింది మీరు. నేను మిషన్ ముట్టుకున్ననా?"

చిన్నగా నవ్వాడు. బల్ల మీదున్న పేపర్‌వెయిట్ తీసి ఆ నవ్వు మీదికి విసరాలనిపించింది, నిజంగా అనిపించింది. కానీ వాడన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. వాడి మీద ఎంత కోపం వచ్చిందో అంతకు రెట్టింపు నా మీద నాకు వచ్చింది. "ఇలాంటి బడిలో పనిచేయడం సిగ్గుచేటు" అని అరిచి బయటికి వచ్చాను. పనిచేస్తూనే ఉన్నాను, అది వేరే సంగతి.

రెండు రోజుల తర్వాత ఆ పిల్ల వాళ్ల నాన్న వచ్చాడు. లిఫ్ట్ డ్యూటీ యూనిఫాంలోనే ఉన్నాడు. గొడవకు వచ్చాడేమో అనుకున్నాను. గొడవపడి ఉంటే బాగుండేది.

"మా బిడ్డకు జవాబులు రాలేదా టీచర్?"

"వచ్చాయండీ. బటన్ టైముకు నొక్కలేదు."



"పొద్దందాక నా పనే బటన్లు నొక్కుడు గదా టీచర్. నాకు ఒక్క మాట చెప్తే నేర్పిస్తుంటి గదా."

అంతే అని వెళ్లిపోయాడు. కూర్చోమని కుర్చీ చూపించాలని కూడా నాకు తోచలేదు.

స్టూడియోకు వెళ్లే రోజు వచ్చింది. జట్టుతో పాటు చప్పట్లు కొట్టడానికి ముప్పైమంది పిల్లలు కావాలన్నారు. ఆ జాబితాలో ఆ పిల్ల పేరు అందరికన్నా పైన రాశాను. కనీసం స్టూడియో అయినా చూస్తుందని, అదేదో పెద్ద ఉపకారమన్నట్టు. ఎంత సిగ్గులేని దాన్నో ఆలోచించండి. పిల్ల బస్సెక్కింది, హాల్లో నా పక్క సీట్లో కూర్చుంది.

చివరి ప్రశ్నకు వచ్చేసరికి మా జట్టూ ఇంకో బడి జట్టూ సమానంగా ఉన్నాయి. మూసీ నది ఏ కొండల్లో పుడుతుంది, అని అడిగారు. మావాడు అలవాటుగా ముందే నొక్కేసి "నల్లమల" అని అరిచాడు. తప్పు. అవతలి జట్టు నోరు తెరవలేదు. అప్పుడు యాంకర్ మా వైపు తిరిగింది.

"ప్రేక్షకుల్లో ఎవరికైనా తెలుసా? తెలిసినవాళ్లు లేచి నిలబడండి, మైకు ఇస్తాం. సరైన జవాబు చెప్తే ఆ మార్కులు మీ బడికే!"

ఏడో తరగతిలో, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ల ముందు, ఈ పిల్ల లేచి నిలబడి, చేతులు కట్టుకుని చెప్పిన జవాబు అది. ఇప్పుడు అడుగుతున్నదీ లేచి నిలబడమనే.

"లేమ్మా" అన్నాను గొంతు తగ్గించి. "నీకు తెలుసు కదా."

"తెల్సు టీచర్."

"మరి లే! తొందరగా లే!"

చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నా వైపు తిరిగి, నాకు మాత్రమే వినపడేట్టు చెప్పింది.

"నేను చప్పట్లకు వచ్చిన టీచర్."

అటువైపు వరుసల్లోంచి ఆ అవతలి బడి పిల్లవాడు లేచి "అనంతగిరి కొండలు" అన్నాడు. గెలుపు వాళ్లదైంది. చప్పట్లు కొట్టమని స్టూడియో మనిషి చెయ్యెత్తాడు. మా ముప్పైమందిలో అందరికన్నా ముందు ఆ పిల్ల మొదలుపెట్టింది. మిగతావాళ్లందరూ ఆపేశాక కూడా, నా మొహం చూస్తూ, కొడుతూనే ఉంది.