ఈ వంతు మా వియ్యపురాలిది

మా వియ్యపురాలు పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఒప్పుకోలేదు. పొద్దున్నే మిర్చి యార్డుకు పోయే ఆటో కోసం రోడ్డు మీద నిలబడి, నిలబడ్డచోటే ఒరిగిపోయిందట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట. నా కోడలు, అంటే ఆమె బిడ్డ, ఫోన్ పట్టుకొని గడపలోనే కూలబడింది. నేను మాత్రం, "అట్లెట్ల పోతది? ఆట ఇంక అయిపోలే. ఇప్పుడు ఏసేది ఆమెనే" అన్నాను. అందరూ నన్ను వింతగా చూశారు. చూడనీ. ముందురోజు సాయంత్రం నా ఎదురుగా కూర్చున్న మనిషి! నాకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు.

నాకు రాత రాదు. నేను చెప్తుంటే మనుమరాలు రాస్తోంది. ఎక్కడా మెత్తబరచొద్దని దానికి చెప్పాను. ఆమె దినాల నాడు నలుగురిలో ఒక మాట పడింది. దానికి జవాబు అక్కడ సగమే చెప్పాను. మిగిలింది ఇక్కడ చెప్తున్నాను.

ఆమె వరంగల్ మిర్చి యార్డులో తొడిమలు తీసే కూలి. భర్త పోయాక మాకు రెండు సందుల అవతల ఒక గదిలో ఉండేది. పని దిగి, చేతులు కడుక్కొని, కొబ్బరినూనె రాసుకొని, పొద్దుగూకే వేళకు మా అరుగు దాకా వచ్చేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు.

"బిడ్డ అత్తగారింట్ల తల్లి ఊకె కూసుంటే బిడ్డనే పల్చనైతది వదినె" అనేది.

బిడ్డ గొంతు వినకుండా ఉండలేదు, పని లేకుండా వచ్చి కూర్చోనూ లేదు. నాకు చిర్రెత్తుకొచ్చి ఒకనాడు అరుగు మీద సుద్దతో గళ్లు గీసి, నాలుగు గవ్వలు ముందర వేశాను. అష్టాచెమ్మా. అప్పటినుంచి ఆమె రావడానికి ఒక పని దొరికింది. "ఒక్కాట ఆడి పోత" అంటూ కూర్చునేది. ఆట అయిందా, చెంగు దులుపుకొని లేచేది. చాయ్ తాగమన్నా ఆగేది కాదు.

నా కాయలు చింతగింజలు. ఆమెవి చీర కుచ్చిళ్లలో ఇరుక్కొని వచ్చిన మిరప తొడిమలు. ఎంత కడిగినా ఆమె చేతుల ఘాటు పోయేది కాదు. ఆమె వేసిన గవ్వలు నేను ఊపితే నాకు ఒకటే తుమ్ములు.

"ఓడిపోతానవని తుమ్ముతానవా వదినె?"

"నీ మిరపకాయల ఘాటుకు నా ముక్కు ఊడిపోతాంది. ఓడుడు నా ఇంటా వంటా లేదు."

ఈ ఆటలో ఒక కట్టుబాటు ఉంది. ఎదుటివాళ్ల కాయను ఒక్కటైనా కొట్టాలి. అప్పటిదాకా లోపలి గళ్లలోకి పోనివ్వరు, బయటి గళ్లలోనే చుట్టూ తిరగాలి. మా వియ్యపురాలు చుట్టూ తిరుగుతూనే ఉండేది. కావలసిన పందెం పడ్డా, నా కాయ ముక్కు ముందరే ఉన్నా, కొట్టకుండా ఇంకో తొడిమను జరిపేది.

"కండ్లు కనబడ్తలేవా? మూడు పడ్డది, కొట్టు!" అని అరిచేదాన్ని.

"ఉండనియ్ వదినె. నీ గింజ పాపం ఇప్పుడే బయలెల్లింది."

జాలి చూపించి ఆడితే నాకు ఒళ్లు మండుతుంది. ఒకనాడు గవ్వలు చేతిలో పట్టుకొని, సంగతేందో చెప్పేదాకా వెయ్యనన్నాను. ఆమె వాకిలి వైపు చూసింది. అక్కడ నా కోడలు గడపలో కూర్చొని గోకరకాయ తుంచుతూ, మనుమరాలితో ఎక్కాలు చెప్పిస్తోంది.

"కొడితే లోపటికి పోవాలె. లోపటికి పోతే నడిమి గడిల పండాలె. పండితే ఆట ఒడిసె, ఇంటికి పోవాలె. నాకేం తొందర వదినె?" అంది. అని మెల్లగా, "పొద్దంత యార్డుకిచ్చిన. పొద్దుగూకేది నాది" అంది.

నేను గవ్వలు వేశాను. నా కాయలను కూడా నిదానంగానే నడిపాను. కానీ అరవడం మానలేదు, మానితే ఆమెకు అనుమానం వస్తుంది.

ఫోన్ వచ్చిన పొద్దున నేను చేసిన మొదటి పని, ముందురోజు చీకటి పడి సగంలో ఆగిన ఆట మీద చాట బోర్లించడం. ఎవరినీ ముట్టనివ్వలేదు.

దినాల నాడు మరిపెడలో దుకాణం నడిపే ఆమె తమ్ముడు ఆ చాట ఎత్తి చూశాడు.

"మా అక్క పొద్దుగూకుడంత గీ గవ్వల మీదనే పోగొట్టుకున్నది. ఆ యాల్ల గుడికి పోతే పున్నెమన్న వచ్చు. కడిగెయ్యుండ్రి. సచ్చినోళ్ల ఆట ఇంటి ముంగట ఉండొద్దు."

"తమ్మీ, మరిపెడ నుంచి వరంగల్‌కు బస్సులు బందైనయా?" అన్నాను. "మీ అక్క పక్కపొంటి నువ్వెన్ని పొద్దులు కూసున్నవ్? పోగొట్టుకున్నదెవరో జర సోచాయించు."

అతను చాటను గోడకు ఆనించాడు. కానీ నా కోడలు అప్పటికే మేనమామ మాట విని బకెటు, చీపురు పట్టుకొని వచ్చింది. గళ్ల వైపు చూసి ఆగింది. తొడిమలన్నీ ఇంకా బయటి గళ్లలోనే ఉన్నాయి.

"అత్తమ్మా, అమ్మ నీ కాయను కొట్టొచ్చు గదా. ఎందుకు కొట్టలే?"

దానికి తెలియదు. అన్ని సాయంత్రాలు గడపలో కూర్చొని కూడా దానికి తెలియదు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ ఆట నీ గొంతు వినడానికేనని చెప్పాను. చీపురు దాని చేతిలోంచి జారింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నోరు తెరుచుకొని నన్నే చూసింది, తల్లి పోయిన వార్త అప్పుడే విన్నట్టు.

చుట్టాలు వెళ్లిపోయాక, పొద్దుగూకుతుంటే, నా కోడలు వచ్చి వాళ్లమ్మ చోట కూర్చుంది. నేను గవ్వలు అటువైపు జరిపాను. వాటి ఘాటు నా వేళ్లకు ఇంకా తగులుతూనే ఉంది. కోడలు గవ్వలు వెయ్యలేదు. వీధిలో ఆటో ఒకటి పోతే గాలికి తొడిమలు కదిలాయి. అవి గడి దాటకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి అట్లాగే కూర్చుంది.