మా బావగారి కొండ, నా మోకాలు

మేముండే జాన్సన్‌విల్ తెలుగువాళ్ళలో నా మోకాలికి ఉన్న పేరు నాకు లేదు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు దాని క్షేమం అడుగుతారు. ఒక ఆంటీ ఇండియా నుంచి నొప్పుల నూనె తెప్పించి మరీ ఇచ్చారు. నొప్పి లేని మోకాలికి రాసుకోలేక దాన్ని గరాజ్ తలుపు బందులకు వేస్తున్నాను. కిర్రుమనడం బాగా తగ్గింది.

ఇదంతా మా బావగారి చలవ. ఆయన మా ఆయనకు అన్నయ్య. ఆఫీసులో ప్రాజెక్టులు నడిపినట్టే ఇక్కడ పిక్నిక్కులు, పుట్టినరోజులు, వీలైనంత వరకు మా కాపురం కూడా ఆయనే నడుపుతారు. పోయిన చలికాలం ఆయన చూపు మంచుకొండల మీద పడింది. అందరూ నడిచే బాటలో నడవడం ఆయనకు నామోషీ. సౌత్ ఐలాండ్‌లో బాటే లేనిచోట, మంచులో కూరుకుపోకుండా కాళ్ళకు స్నోషూలు కట్టుకుని, ఒక కొండవాలు దాటి, అవతలి లోయలో కొండలెక్కేవాళ్ళు రాత్రికి తలదాచుకునే హట్‌కు చేరాలన్నారు.

అందుకోసం ముగ్గురం మంచుచరియల గురించి కోర్సు కూడా చేశాం. నేర్పిన కివీ అమ్మాయి ఒక నియమం చెప్పింది. గుంపులో ఏ ఒక్కరు వద్దన్నా అందరూ వెనక్కి తిరగాలి, కారణం చెప్పక్కర్లేదు. బావగారు అందరికంటే గట్టిగా తలూపారు. మా ఇంట్లో ఆయన చెప్పిన కూర కాకుండా ఇంకో కూర వండుదామన్నవాళ్ళే లేరు. ఆ సంగతి ఆ అమ్మాయికెలా తెలుస్తుంది?

మేం మోటెల్‌కు చేరేసరికి తుఫాను అప్పుడే తెరిపిచ్చింది. కొత్త మంచు బాగా పడింది. గాలి దాన్ని ఒకవైపు నుంచి ఊడ్చుకొచ్చి, సరిగ్గా మేం దాటాల్సిన వాలు మీద పోసింది. పొద్దున్నే ఫోన్‌లో హెచ్చరిక చదివి వినిపించాను. ప్రమాదం అయిదులో మూడు. పైన గట్టి మంచుపలక, కింద బలహీనమైన పొర, మనిషి బరువుకే జారవచ్చు.

"అయిదుకి మూడు," అన్నారు బావగారు టీ తాగుతూ. "సిక్స్‌టీ పర్సెంట్. ఫస్ట్ క్లాసమ్మా."

మా ఆయన నవ్వారు. అన్నయ్య ఏమన్నా ఆయన నవ్వుతారు.

వాలు దగ్గరికి వెళ్ళాక, మంచు నిలుస్తుందో జారుతుందో చూడ్డానికి దాని అంచున గొయ్యి తవ్వి మంచును స్తంభంలా కోశాను. కోర్సులో చెప్పినట్టు పార పైన పెట్టి చేత్తో మెల్లగా తట్టానో లేదో, పైపలక మొత్తం జారి నా ఒళ్ళో పడింది. కింది పొర పంచదారలా రాలింది.

"నువ్వు సరిగా కొయ్యలేదు," అన్నారు బావగారు. పార తీసుకుని తానే ఇంకోటి మొదలుపెట్టారు. అది కోస్తుండగానే జారిపోయింది. ఆయన కాసేపు దాన్ని చూసి, "పైన లూజుగా ఉన్నది పోయింది కదా, ఇక కింద స్ట్రాంగే," అని తేల్చేశారు.

తర్వాత తమ్ముడి వైపు తిరిగారు. "ఒరేయ్, ఒక్కొక్కరే దాటాలని కోర్సులో ఆ అమ్మాయి చెప్పింది కదా. నువ్వు ముందు నడు. నేనిక్కణ్ణించి వీడియో తీస్తా."

కోర్సులో నేర్చుకున్నదాంట్లో ఆయనకు పనికొచ్చింది అదొక్కటే. మా ఆయన ఆ వాలునొకసారి, నన్నొకసారి చూశారు. ముఖంలో రక్తం లేదు. అయినా వంగి స్నోషూల పట్టీలు బిగించుకున్నారు. నాకు భయంతో పాటు ఒళ్ళు మండిపోయింది. వద్దు అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆ మాట అన్నానంటే బావగారు ఆడవాళ్ళ భయాల మీద జోకేస్తారు, ఈ మనిషి నవ్వి, నవ్వుతూనే ఆ వాలెక్కుతారు.

మోకాలు పట్టుకుని మంచులో కూలబడ్డాను. "అమ్మా," అన్నాను, పక్క కొండకు వినబడేలా.

"ముందే చెప్పొచ్చు కదమ్మా," అని బావగారు విసుక్కున్నారు. కానీ వెనక్కి తిరిగారు. మరదలి మాట వినని మనిషి మరదలి మోకాలి మాట విన్నారు. ఆ వాలు ఆ తర్వాత జారిందో లేదో నాకు తెలియదు.

మొన్న ఆదివారం మా ఇంట్లో భోజనాలయ్యాక బావగారు మళ్ళీ కొండ సంగతి ఎత్తారు. ఈ జూలైలో, ఇక్కడ మళ్ళీ చలికాలం రాగానే, అదే వాలు, అదే హట్. "నీ మోకాలు సెట్ అయినట్టేనా?" అని అడిగారు.

ఏడాదిగా కుంటింది చాలనిపించింది. "నా మోకాలికి ఏనాడూ ఏమీ కాలేదు, బావగారూ. ఆ రోజు మీరు మీ తమ్ముణ్ణి చావుకి పంపుతున్నారని కూర్చున్నాను. ఈసారి నేను రాను, ఆయన్ని పంపను."

బావగారు నన్ను వదిలేసి తమ్ముణ్ణి చూశారు. "ఏంట్రా ఇది?"

మా ఆయన ప్లేటు కింద పెట్టి నవ్వారు.

"తనకింకా నొప్పి తగ్గలేదన్నయ్యా," అన్నారు.